జ్ఞానదంతం దగ్గర మూడోసారి వాపు: తీయించాలా, మందులతో నెట్టుకురావాలా?

వైనతేయ గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో పి. గన్నవరానికి దిగువన, గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఊరు. మా చెల్లెలికి 24 ఏళ్లు. కింది దవడ కుడివైపు చివరి పన్ను దగ్గర ఈ ఏడాది మూడుసార్లు వాచింది. మొదటిసారి సంక్రాంతి తర్వాత, రెండోసారి వేసవిలో వచ్చిన వాపు మా ఊరి ఆర్.ఎం.పి. గారు ఇచ్చిన మాత్రలతో, రెండు ఇంజెక్షన్లతో నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. మూడోసారి, అంటే గత వారం, బుగ్గ గట్టిపడి నోట్లోకి ఒక్క వేలు మాత్రమే పట్టేటంతగా దవడ బిగుసుకుపోయింది. ఇప్పుడు రెండు వేళ్లు పడుతున్నాయి, జ్వరం లేదు.

అమలాపురంలో దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీయించాము. జ్ఞానదంతం నిటారుగా రాకుండా ముందు పన్ను మీదికి ఒరిగి ఉందని, దాని వేర్ల చివరలు నరం వెళ్లే కాలువ నీడను తాకుతున్నాయని చెప్పారు. పై దవడలో జ్ఞానదంతం వెనుక చిన్న అదనపు పన్ను ఒకటి ఎముకలోనే ఉన్నదట. ఒక డాక్టరుగారు వెంటనే తీసేద్దామన్నారు, మరొకరు స్కాన్ చూశాకే చేయి వేస్తామన్నారు, మూడోవారు పెళ్లి అయ్యేదాకా మందులతో నెట్టుకురమ్మన్నారు. పెళ్లి మాఘమాసంలో ఉంది.

ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలడం లేదు. ఎనిమిదేళ్ల క్రితం మా నాన్నగారికి కింది పన్ను తీసిన మూడో రోజు నుంచి చెవిదాకా లాగే నొప్పి వచ్చి, మూడు వారాలు అన్నం సరిగ్గా తినలేదు. అమ్మకు ఆ రోజులు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. పై పళ్లు తీస్తే చూపు పోతుందని మా నాయనమ్మ, పన్ను తీశాక పప్పు తింటే చీము పడుతుందని పక్కింటివారు అంటున్నారు. ఇవన్నీ విని చెల్లెలు భయపడిపోయింది. తీయించక తప్పదా? తీయిస్తే పెదవి తిమ్మిరిగా ఉండిపోయే ప్రమాదం నిజంగా ఎంత? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

దంతశస్త్రవైద్యుడు, పశ్చిమ డెల్టా

నేను నోటి, దవడ శస్త్రచికిత్సలు చేసే వైద్యుణ్ణి. మీ చెల్లెలిని చూడకుండా చెబుతున్న మాటలు గనుక, ఆమెను చూసిన వైద్యుని మాట వీటికన్నా ముందుంటుందని గుర్తుంచుకుని చదవండి.

సగం బయటికి వచ్చి సగం చిగురు కింద ఉండిపోయిన జ్ఞానదంతం మీద చిగురు ఒక మూతలా కప్పి ఉంటుంది. ఆ మూత కింద చేరిన అన్నం మెతుకులను బ్రష్షు గాని పుక్కిలింత గాని పూర్తిగా తీయలేవు, అందుకే అక్కడ సూక్ష్మజీవులు పెరిగి చిగురు వాస్తుంది. మాత్రలు ఆ సూక్ష్మజీవుల సంఖ్యను తగ్గిస్తాయే తప్ప, ఒరిగిన పన్నును గాని దాని మీద ఉన్న మూతను గాని కదిలించలేవు. మీ చెల్లెలికి నాలుగు రోజుల్లో తగ్గి, నెలల తర్వాత మళ్లీ వచ్చింది అందుకే. మందు పనిచేసింది, కారణం మాత్రం అలాగే మిగిలింది.

ఏ బాధా పెట్టని జ్ఞానదంతాన్ని ముందు జాగ్రత్త పేరుతో తీయడం మంచిది కాదని నా అభిప్రాయం. బ్రిటన్‌లో చికిత్సలకు ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2000లో ఇచ్చిన మార్గదర్శకం కూడా ఆ మాటే చెప్పింది. అయితే చిగురు వాపు ఒక్కసారి, అదీ తేలికగా వస్తే వేచి చూడవచ్చని, రెండోసారి వస్తే తీయడానికి అది తగిన కారణమేనని అదే మార్గదర్శకం అంటుంది. మీ చెల్లెలికి మూడుసార్లు వచ్చింది, మూడోసారి దవడ కూడా బిగిసింది. అంటే ఈసారి మంట చిగురు దగ్గర ఆగకుండా నమిలే కండరాలదాకా వెళ్లింది. పెళ్లిదాకా నెట్టుకురావచ్చన్న సలహాతో నేను ఏకీభవించలేను. నాలుగోసారి వాపు పెళ్లి వారంలోనే రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నాలుక కింద, దవడ లోపలి అంచున పలుచని కండరం ఒకటి ఉయ్యాలలా అతుక్కుని ఉంటుంది. ముందు పళ్ల వేర్లు ఆ అతుకుకు పైనే ఆగిపోతాయి. చివరి రెండు దవడపళ్ల వేర్లు మాత్రం దానికి కిందికి దిగుతాయి. అందువల్ల ఆ పళ్ల చీము నోట్లోకి రాకుండా దవడ కిందికి, అక్కడి నుంచి మెడలోకి జారుతుంది. రెండు వైపులా దవడ కింద, నాలుక కింద గట్టిగా వాచి, నాలుక పైకి లేచి శ్వాసకు అడ్డుపడే స్థితిని 1836లో జర్మనీ వైద్యుడు లుడ్విగ్ వర్ణించారు. ఈనాటికీ దాన్ని లుడ్విగ్ ఆంజైనా అనే పిలుస్తారు. యాంటీబయోటిక్స్ వచ్చాక అది అరుదైంది గాని, పోలేదు. ఉమ్మి మింగలేకపోవడం, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు గొంతు మారడం, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవలసి రావడం, దవడ కింద చెక్కలా గట్టిపడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇక నరం సంగతి. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం దవడ ఎముక లోపల ఒక కాలువలో నడుస్తుంది. మామూలు ఎక్స్‌రేలో వేరు ఆ కాలువను తాకినట్టు కనిపించినంత మాత్రాన నిజంగా తాకుతున్నదని కాదు, ఎందుకంటే లోతులో ముందు వెనుకలుగా ఉన్న రెండు వస్తువులు ఆ బొమ్మలో ఒకదాని మీద ఒకటి పడినట్టు కనిపిస్తాయి. కాలువ అంచున ఉండే తెల్లని గీత వేరు దగ్గర తెగినా, వేరు అక్కడ నల్లబడినా, కాలువ దారి మళ్లినా అనుమానించాలి. అప్పుడు సి.బి.సి.టి. అనే త్రిమితీయ స్కాన్ అవసరం. స్కాన్ చూశాకే చేయి వేస్తామన్న డాక్టరుగారే నాకు జాగ్రత్తపరులుగా కనిపిస్తున్నారు. పెదవి తిమ్మిరి కొద్దిమందికి వస్తుంది, వారిలో ఎక్కువమందికి వారాల్లో గాని నెలల్లో గాని తగ్గుతుంది. శాశ్వతంగా మిగిలేది నూటికి ఒకరికన్నా తక్కువమందికి. ఎక్స్‌రేలో నేను చెప్పిన గుర్తులు ఉన్నవారికి మాత్రం ఆ ప్రమాదం ఇంతకన్నా ఎక్కువ.

వేరు నిజంగానే నరాన్ని ఆనుకుని ఉంటే పన్ను పైభాగాన్ని మాత్రం కోసి తీసి, వేర్లను ఎముకలోనే వదిలేసే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని కొరోనెక్టమీ అంటారు. వేర్లు ఆరోగ్యంగా ఉంటేనే అది పనికివస్తుంది. కోసే సమయంలో వేర్లు కదిలిపోతే వాటిని పూర్తిగా తీయక తప్పదు. కొందరిలో ఆ వేర్లు తర్వాతి కాలంలో పైకి జరిగి రెండోసారి తీయవలసి వస్తుంది, అయితే అప్పటికి అవి నరానికి దూరమై ఉంటాయి. ఈ సంగతులన్నీ ముందే అడిగి తెలుసుకోండి.

నోరు మూడు వేళ్లు నిలువుగా పట్టేదాకా తెరుచుకోనివ్వండి. ఆ తర్వాత ఆలస్యం చేయకండి.

గౌతమి లంక మాస్టారు

డాక్టరుగారు చెప్పిన గొంతు మారడం అనే గుర్తును మా ఇంట్లో కళ్లారా చూసినవాణ్ణి గనుక రాస్తున్నాను. మాది ముమ్మిడివరం వైపు గౌతమి పాయలో ఉన్న ఒక లంక. మూడేళ్ల క్రితం ఆగస్టులో మా అత్తగారికి పిప్పిపన్ను వల్ల దవడ వాచింది. ఆమెకు 58 ఏళ్లు, చక్కెర వ్యాధి ఉంది. శుక్రవారం నాడు ఊళ్లో ఒకరు పేరు లేని మాత్రలు పొట్లం కట్టి ఇచ్చారు. వాటితో నొప్పి, వాపు తగ్గినట్టే కనిపించడంతో మేము నిశ్చింతగా ఉన్నాము. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉందని తర్వాత ఆసుపత్రిలో చెప్పారు. పైగా ఉప్పు మూటతో బయటి నుంచి కాపడం కూడా పెట్టాము.

ఆదివారం సాయంత్రం ఆమె నన్ను "బాబూ" అని పిలిస్తే ఎవరో కొత్త మనిషి పిలిచినట్టు వినిపించింది. రాత్రి తొమ్మిదికల్లా పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. వరద వల్ల పంటు నడవడం లేదు. ఒక పడవ యజమాని కాళ్లావేళ్లా పడి ఏరు దాటించి, గట్టు మీద 108 ఎక్కించి, ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి కాకినాడ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. అక్కడ ముందు శ్వాసకు గొట్టం వేశారు, ఆ తర్వాతే మెడ కింద రెండుచోట్ల కోసి చీము తీశారు, అదే రోజు ఆ పన్ను కూడా తీసేశారు. పదకొండు రోజులు ఉన్నాము. ఆమె బతికింది. మెడ మీద మచ్చలు మాత్రం ఉన్నాయి.

పట్నంలో ఉన్నవారు రాత్రి ఏమవుతుందో చూసి వెళ్దామని అనుకోవచ్చు. ఏటికి అవతల ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. వరదరోజుల్లో దవడ వాపును పగటిపూటే, పడవ ఉన్నప్పుడే దాటించాలని మా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను. వాచిన దవడకు బయటి నుంచి కాపడం పెట్టవద్దని, చీము చర్మం వైపు దారి చేసుకునే ప్రమాదం ఉందని ఆసుపత్రిలో మమ్మల్ని గట్టిగా మందలించారు. దయచేసి ఎవరూ పెట్టకండి.

పాలకొల్లు పాఠకురాలు

మాస్టారుగారి అనుభవం చదివి మనసు కలుక్కుమంది. నేను చెప్పేది వేరొక వైపు సంగతి. నాకు 29వ ఏట ఎడమవైపు కింది జ్ఞానదంతం తీశారు. మత్తు దిగాక నాలుక ఎడమ అంచు తిమ్మిరిగా ఉండిపోయింది. తిన్నప్పుడల్లా నాలుక కొరుక్కునేదాన్ని. కాఫీ వేడి ఒకవైపే తెలిసేది. చాలా భయపడ్డాను. రెండో నెలలో చీమలు పాకినట్టు మొదలై, అయిదో నెలకు స్పర్శ తిరిగి వచ్చింది. నాలుకకు వెళ్లే నరం దవడ లోపలి అంచున చిగురు కిందనే ఉంటుందని, కొందరిలో చాలా పైకి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

నేను బాధపడింది తిమ్మిరి వచ్చినందుకు కాదు, అటువంటిది రావచ్చని ముందు ఒక్క మాటైనా చెప్పనందుకు. సంతకం చేయించుకున్న కాగితంలో ఆ మాట ఉందట, చదివి వినిపించినవారు లేరు. కాబట్టి మీ చెల్లెలి విషయంలో పన్ను తీసేది ఎవరు, ఇటువంటివి ఎన్నేళ్లుగా చేస్తున్నారు, తిమ్మిరి వస్తే ఎన్ని రోజులకు మళ్లీ చూస్తారు అన్న మూడు ప్రశ్నలూ మొహమాటపడకుండా అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునేవారి దగ్గర నోరు తెరవవద్దని నా సలహా. అయినా తీయించుకున్నందుకు నేను చింతించడం లేదు, ఆ తర్వాత ఒక్కసారి కూడా వాపు రాలేదు.

వైనతేయ గట్టు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారుగారి మాటలు ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత స్కాన్‌కు ఒప్పుకుంది. డాక్టరుగారిని మరికొన్ని సంగతులు అడగాలి. నాన్నగారికి అప్పట్లో వచ్చింది ఏమిటి? ఆయన లంక పొగాకు చుట్ట కాలుస్తారు. ఆయనకు రెండేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. ఇప్పుడు మరో పన్ను విరిగి వేరు మిగిలింది. తీయించుకునే ముందు అయిదు రోజులు ఆ మాత్రలు ఆపాలని తెలిసినవారు ఒకరు చెప్పారు. పై దవడలోని అదనపు పన్ను సంగతి, చూపు సంగతి కూడా చెప్పగలరు.

దంతశస్త్రవైద్యుడు, పశ్చిమ డెల్టా

ముందుగా మాత్రల సంగతి, ఎందుకంటే అది ప్రాణానికి సంబంధించినది. స్టెంటు ఉన్నవారు ఆ మాత్రలను సొంతంగా గాని, పన్ను తీసే వైద్యుడు ఒక్కడు చెప్పాడని గాని ఆపకూడదు. పన్ను తీసినచోట కారే రక్తం మన కంటికి కనిపించేది, గుడ్డ పెట్టి నొక్కగలిగేది, కుట్టు వేయగలిగేది. స్టెంటులో గడ్డకట్టిన రక్తాన్ని ఇంటి దగ్గర ఎవరూ ఏమీ చేయలేరు. గుండె వైద్యునితో మాట్లాడి, మాత్రలు కొనసాగిస్తూనే ఉదయం పూట, ఒక్క పన్ను మాత్రమే తీయించండి. సాయంత్రందాకా పట్నంలోనే ఉండి ఆ తర్వాత ఇంటికి వెళ్లండి. గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ వంటి మందు వాడేవారి సంగతి వేరు. వారికి ముందు, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పనిసరి. పంటి చీముకు మనం మామూలుగా రాసే మెట్రోనిడజోల్ ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెస్తుంది కాబట్టి, వాడుతున్న ప్రతి మాత్రనూ వైద్యునికి చూపించాలి.

నాన్నగారికి అప్పుడు వచ్చింది, మీ వర్ణనను బట్టి, డ్రై సాకెట్ అయి ఉండాలి. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తమే ఆ ఎముకకు కప్పు. అది రెండో రోజుకో నాలుగో రోజుకో కరిగిపోతే గాని ఊడిపోతే గాని ఎముక బయటపడి, చెవిదాకా లాగే నొప్పి, దుర్వాసన వస్తాయి. అది చీము పట్టడం కాదు, అందుకే యాంటీబయోటిక్ ఎన్ని రోజులు మింగినా ఆ నొప్పి తగ్గదు. గుంటను సెలైన్‌తో కడిగి మందు పూసిన గుడ్డ పెడితే చాలామందికి ఆ రోజే ఉపశమనం కలుగుతుంది. మూడు వారాలు ఆయన బాధపడవలసిన అవసరం లేదని తలచుకుంటే నాకు కష్టంగా ఉంది. పొగ ఈ ఉపద్రవాన్ని పెంచుతుంది, గర్భనిరోధక మాత్రలు కూడా కొంత పెంచుతాయి. ఈసారి వేరు తీయించుకున్నాక కనీసం ఒక వారం చుట్ట ముట్టించకుండా ఉండమని ఆయనను మీరందరూ బతిమాలండి. కోనసీమ వారికి ప్రత్యేకంగా మరో మాట చెబుతాను. పన్ను తీసినరోజు నీరసంగా ఉందని కొబ్బరి బొండంలో స్ట్రా వేసి పీలుస్తారు. ఆ పీల్పుకే రక్తపు గడ్డ ఊడివస్తుంది. కొబ్బరినీళ్లు మంచివే, గ్లాసులో పోసుకుని తాగాలి.

పప్పుకు, చీముకు ఏ సంబంధమూ లేదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, మన ఇళ్లలో అవి ఎక్కువగా వచ్చేది పప్పు నుంచే. పన్ను తీయించుకున్నవారు పథ్యం పేరుతో చారన్నం మాత్రమే తిని నీరసించిపోవడం నేను తరచూ చూస్తున్నాను. మొదటి రోజు చల్లారిన మెత్తని అన్నం, పప్పుకట్టు, మజ్జిగ తీసుకోవచ్చు. 24 గంటలు గడిచాక గోరువెచ్చని ఉప్పునీళ్లను నోట్లో నెమ్మదిగా తిప్పి వదిలేయాలి, గట్టిగా పుక్కిలించకూడదు, మాటిమాటికీ ఉమ్మకూడదు.

నాయనమ్మగారికి నా నమస్కారం చెప్పి ఈ మాట వినిపించండి. చూపు ఇచ్చే నరం, పై పళ్లకు స్పర్శ ఇచ్చే నరం మెదడు నుంచే వేరువేరుగా బయలుదేరతాయి. చూపుది రెండో కపాల నరం, పళ్లది అయిదో దాని శాఖ. పళ్లు ఊడే వయసులోనే కళ్లలో శుక్లాలు కూడా వస్తాయి కాబట్టి మన పెద్దలు ఆ రెంటినీ కలిపి చూసి ఉంటారని నేను అనుకుంటాను. నిజానికి కంటికి హాని కలిగేది పై పన్ను చీమును తీయకుండా వదిలేసినప్పుడే. పై కోరపన్ను, దవడపళ్ల చీము అరుదుగానైనా కంటి చుట్టూ ఉన్న కణజాలానికి పాకుతుంది.

పై దవడలోని అదనపు పన్ను పుట్టుకతో వచ్చే తేడా. వాపు గాని నొప్పి గాని లేకపోతే, ఎక్స్‌రేలో దాని చుట్టూ నల్లని సంచిలా ఏదీ పెరగకపోతే, దాని జోలికి పోకండి. అక్కడ ఎముక పలుచగా ఉంటుంది, పైన ముక్కులోకి తెరుచుకునే సైనస్ అనే గాలి గది ఉంటుంది. అనవసరంగా తవ్వితే నోటికీ సైనస్‌కూ మధ్య దారి పడి, తాగిన నీళ్లు ముక్కులోంచి రావచ్చు. ఏడాదికో రెండేళ్లకో ఒక ఎక్స్‌రే తీసి చూసుకుంటే సరిపోతుంది.

వైనతేయ గట్టు

రాజమండ్రిలో స్కాన్ తీయించి వచ్చాము. రెండు వేర్లలో ముందు వేరు నరానికి దూరంగానే ఉన్నది, వెనుక వేరు చివరన మాత్రం నరానికీ దానికీ మధ్య ఎముక పొర లేదని తేలింది. పన్ను పైభాగం మాత్రం తీసి వేర్లు వదిలేద్దామని, వేరు కదిలితే పూర్తిగా తీస్తామని, పెదవి తిమ్మిరి వస్తే వారానికి ఒకసారి చూస్తామని అక్కడి సర్జనుగారు చెల్లెలికే బొమ్మ చూపించి వివరించారు. పాలకొల్లు అక్కగారు చెప్పిన మూడు ప్రశ్నలూ చెల్లెలే అడిగింది. ఆయన విసుక్కోలేదు. నాన్నగారి మాత్రల గురించి గుండె డాక్టరుగారికి ఫోను చేస్తే, ఒక్కటి కూడా ఆపవద్దన్నారు.

నిన్న రాత్రి అన్నాలయ్యాక అమ్మ దీపం దగ్గర కూర్చోబెట్టి చెల్లెలి నోట్లో వేళ్లు నిలువుగా పెట్టించి చూసింది. మూడు వేళ్లు పట్టాయి. సోమవారం ఉదయానికి టోకెను తీసుకున్నాము.